అరుగుదల చదవడం: పాత సామాన్ల వేటకు సమగ్ర మార్గదర్శి

మా వంటింట్లో ఒక ఇత్తడి సోల ఉంది. అమ్మమ్మ బియ్యం కొలిచిన సోల. దాని అంచు చుట్టూ ఒకే మందంలో ఉండదు. ఒక పక్క, మూడు వేళ్ళ వెడల్పు మేర పల్చబడి కాగితం అంచులా తగులుతుంది. నడుము దగ్గర చిన్న సొట్ట. చేతిలోకి తీసుకోగానే బొటనవేలు ఆ సొట్టలో కుదురుకుంటుంది, అప్పుడు ఆ పల్చటి అంచు సరిగ్గా బియ్యం వైపు తిరుగుతుంది. కొన్ని దశాబ్దాల పాటు రెండు పూటలా ఆ అంచే డబ్బా అడుగును గీరింది.

పాత సామాన్లు వెతకడం గురించి నాకు తెలిసిన మొదటి పాఠం ఆ సోలే. వస్తువు వయసు చెప్పాల్సింది అమ్మేవాళ్ళ మాట కాదు, దాని మీది అరుగుదల. చెయ్యి పడే చోట, కాలు తగిలే చోట, తాడు ఒరుసుకునే చోట అరిగి ఉందంటే అది ఎవరింట్లోనో నిజంగా పనిచేసిన వస్తువు. చెయ్యి చేరని మూలల్లో కూడా ఒకేలా అరిగి ఉంటే ఎవరో గీసి, రుద్ది పాతది చేశారని అర్థం. ఈ గుర్తులు చదవడం వస్తే బజారులో నాలుగు గంటలు తిరిగి ఏమీ కొనకుండా ఇంటికొచ్చినా ఆ రోజు దండగ అనిపించదు. కింద రాసినవన్నీ ఆ చదువు కోసమే.

1. బజారుకు కాదు, ముందు అటక ఎక్కండి

మన ఇళ్ళల్లోని ఇత్తడిలో చాలా భాగం 1970లు, 80ల్లో పోయింది. స్టీలు సామాన్లు వచ్చిన కొత్తలో, బరువైన బిందెలూ కాగులూ ఇచ్చేసి తేలికైన స్టీలు గిన్నెలు తీసుకున్నారు. రోజూ చింతపండు పెట్టి తోమే చాకిరీ తప్పింది, లోపల తగరం పూత వేయించే కళాయి ఖర్చు తప్పింది. ఆ పని చేసిన ఆడవాళ్ళకు అది పెద్ద ఊరట. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

అయినా మిగిలినవి మిగిలాయి. అటక మీద గంగాళం, మరచెంబు, ఉయ్యాల బల్ల గొలుసులు. దొడ్లో రుబ్బురోలు, తిరగలి. పశువుల పాకలో గోడకు ఆనించిన ద్వారబంధం. ఎవరూ కూర్చోని పడక కుర్చీ. పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు "పిన్నీ, ఇదెంత చేస్తుంది?" అని అడక్కండి. "పిన్నీ, ఇందులో ఏం చేసేవారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్క మాటే. రెండోది అడిగితే సాయంత్రం దాకా కబుర్లు వస్తాయి. ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆ కబుర్లు ఏ దుకాణంలోనూ దొరకవు.

పెళ్ళిసారెలో వచ్చిన గిన్నెలూ చెంబుల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించేవారు. వాటిని వెలుతురుకు వాలుగా పట్టుకుని చూడండి. తోమే చెయ్యి బాగా ఆడే పొట్ట మీద చుక్కలు దాదాపు చెరిగిపోయి ఉంటాయి. మెడ కింద, చెయ్యి సరిగా చేరని చోట లోతుగా, స్పష్టంగా ఉంటాయి. పేరు, ఇంటిపేరు అక్షరం, ఒక్కోసారి సంవత్సరం కూడా దొరుకుతుంది.

ఇంట్లోంచి ఏదైనా తీసుకెళ్ళే ముందు వాటాదార్లందరినీ అడగండి. పాత గంగాళం కోసం అన్నదమ్ముల మధ్య మాట రావడం ఎంతమాత్రం మంచిది కాదు.

2. కంటికి చదువు చెప్పండి

కొనడానికి ముందు మంచివి చూడాలి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం దానికి సరైన బడి. నిజాం దగ్గర ప్రధానమంత్రిగా పనిచేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణే అక్కడ ఎక్కువ భాగం. ఆయన 1949లో చనిపోయాక, 1951 డిసెంబరులో దివాన్ దేవిడిలో మ్యూజియం తెరిచారు. 1968లో ఇప్పటి భవనానికి మార్చారు. అందరూ మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గర, గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడతారు. మీరు ఫర్నిచర్ ఉన్న గదుల్లో నిలబడండి. కుర్చీ కాళ్ళు నేలను ఎలా తాకుతున్నాయో, చెయ్యి ఆనే చోట పాలిష్ రంగు ఎలా మారిందో చూడండి. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రలో దక్షిణాది పాత ఇళ్ళను ఊళ్ళలో ఊడదీసి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మ్యూజియంలో అద్దాల వెనక చూసే వస్తువుకు, ఇంట్లో తన చోట ఉన్న వస్తువుకు ఎంత తేడా ఉందో అక్కడ తెలుస్తుంది.

3. ఎక్కడ వెతకాలి

పాత సామాను ఒక ఊళ్ళో ఎందుకు పోగైందో తెలిస్తే అక్కడ ఏం దొరుకుతుందో ముందే ఊహించవచ్చు. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. దేవిడీలనే పెద్ద భవంతులను నడపలేక కుటుంబాలు అద్దాలు, దీపాలు, మేజాలు, యూరప్ పింగాణీ అమ్ముకుంటూ వచ్చాయి. అందుకే పాతబస్తీలో ఇప్పటికీ అలాంటివి బయటపడతాయి. కోస్తాలో 1948లోనే మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసింది. అక్కడ దివాణాల సామాను కూడా అలాగే చెదిరింది.

హైదరాబాదులో నేను ముందు వెళ్ళేది జుమ్మేరాత్ బజార్. జుమ్మేరాత్ అంటే గురువారం. పురానాపూల్ దగ్గర ఆ రోజు నేల మీద గుడ్డలు పరిచి అన్నీ పోస్తారు. తెల్లవారుజామునే వెళ్ళాలి. మంచివి వెలుతురు రాకముందే దుకాణదారులు ఎత్తుకెళ్ళిపోతారు. చార్మినార్ పక్కన ముర్గీ చౌక్ అని పిలిచే మహబూబ్ చౌక్ ప్రాంతంలో దుకాణాలున్నాయి, అక్కడ ధర ఎక్కువే గాని తీరిగ్గా చూడనిస్తారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపిక ఉంటే పాత తాళాలు, లాంతర్లు, చేతి పనిముట్లు దొరుకుతాయి.

నా దృష్టిలో అన్నిటికంటే మంచి చోటు పాత కలప అడితి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో మండువా లోగిళ్ళు కూల్చినప్పుడు స్తంభాలు, దూలాలు, తలుపులు, కిటికీలు మొత్తంగా కొని తెచ్చి అడితిలో పేరుస్తారు. అక్కడ ఎవరూ వాటిని యాంటిక్ అని పిలవరు. కలపగా, అడుగుల లెక్కన చూస్తారు. చాలా పాత ఇళ్ళల్లో వాడింది బర్మా టేకు. బంగాళాఖాతం దాటి రంగూన్, మౌల్‌మేన్ రేవుల నుంచి మన కోస్తాకు ఓడల్లో వచ్చిన కలప అది. అదే ఓడల్లో కాకినాడ, విశాఖల నుంచి మనవాళ్ళు బర్మాకు కూలికి, వ్యాపారానికి వెళ్ళారు. అడితిలో ఆ దూలం మీద చెయ్యి వేసినప్పుడు నాకు ఎప్పుడూ ఆ ప్రయాణం గుర్తొస్తుంది.

దూరం వెళ్ళగలిగితే తమిళనాడులోని కారైక్కుడి వెళ్ళండి. ఆ ఊరి చెట్టియార్ల వ్యాపారం బర్మాలో ఉండేది. 1942లో జపాను సైన్యం అక్కడికి వచ్చాక ఆ సంపద దెబ్బతింది, తర్వాతి దశాబ్దాల్లో కొన్ని మేడలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. ఎనామిల్ గిన్నెలు, చెక్క పెట్టెలు, స్తంభాలు అక్కడి వీధుల్లో వరసగా కనిపిస్తాయి. కొచ్చిలోని మట్టాంచేరి, ముంబయిలోని చోర్ బజార్ కూడా చూడదగ్గవే. కాకపోతే పర్యాటకులు ఎక్కువయ్యే కొద్దీ కొత్తగా చేసిన పాత సామాను కూడా ఎక్కువవుతుంది.

4. సంచిలో ఏముండాలి

టార్చి, టేపు, చిన్న అయస్కాంతం, కొక్కెం తగిలించే తూకం, మెత్తటి గుడ్డ, చిల్లరతో సహా నగదు. ఇంటి తలుపు, లిఫ్టు, మెట్ల మలుపు కొలతలు రాసుకున్న కాగితం తప్పనిసరి. బీరువా కొని లిఫ్టులో పట్టక, మెట్లు తిరగక వెనక్కి పంపినవాళ్ళు నాకు తెలుసు. నా నోటుబుక్కు మొదటి పేజీలో ఇంకో కొలత కూడా ఉంటుంది: మూత పోయిన మా మరచెంబు నోటి అడ్డు కొలత, దాని మర ఎటు తిరుగుతుందో వేసుకున్న గీత.

5. చెక్కను ఎలా చూడాలి

ముందు నుంచి చూడకండి. కింద, వెనక, లోపల చూడండి. ముఖాన్ని ఎవరైనా మెరిపించగలరు, వీపు సంగతి ఎవరూ పట్టించుకోరు.

సొరుగు ఉంటే పూర్తిగా బయటికి లాగండి. దాని కింది అంచులు, అది జారే పట్టీలు అరిగి ఉండాలి. సొరుగు అడుగున ప్లైవుడ్ కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అడుగు తర్వాత మార్చి ఉండవచ్చు, లేదా మొత్తం కొత్తదే కావచ్చు. చేతి చిత్రిక పట్టిన పలకను వేలి కొసలతో అడ్డంగా తడిమితే చిన్న చిన్న అలలు తగులుతాయి. మిషను పట్టిన పలక గాజులా సాపుగా ఉంటుంది. స్క్రూలు చూడండి. తల మీద ప్లస్ గుర్తు ఉండే స్క్రూలు 1930ల్లో అమెరికాలో వచ్చాయి, మన వడ్రంగుల చేతికి ఇంకా చాలా తర్వాత. వందేళ్ళ నాటిదని చెప్పే పెట్టె కీలుకు అవే స్క్రూలు ఉంటే, కనీసం ఆ కీలైనా కొత్తది.

గుండ్రటి బల్లకు ఒక మంచి పరీక్ష ఉంది. చెక్క నార పొడుగున దాదాపు కుదించుకోదు, అడ్డంగా కుదించుకుంటుంది. కాబట్టి ఘనమైన చెక్కతో చేసిన పాత గుండ్రటి బల్ల ఏళ్ళు గడిచే కొద్దీ కాస్త కోలగా మారుతుంది. టేపుతో నార వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. కొన్ని మిల్లీమీటర్ల తేడా రావాలి. రెండూ అచ్చం ఒకటే అయితే అమ్మేవాళ్ళు చెప్పే వయసును అనుమానించండి.

తర్వాత పురుగు. వేలి కణుపుతో కాళ్ళ మీద, మూలల్లో తట్టండి. డొల్ల శబ్దం వస్తే లోపల చెద తిన్నదని. సన్నటి రంధ్రాలుంటే కంగారు పడకండి, వాటి రంగు చూడండి. రంధ్రం లోపల నల్లగా, దుమ్ముపట్టి ఉంటే ఆ పుచ్చు ఎప్పటిదో. లోపల తెల్లగా, కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. టేకు చేవను చెద అంత తేలిగ్గా ముట్టదు గాని, చేవ లేని తెల్లటి అంచును పుచ్చు పురుగు తింటుంది. అనుమానం ఉంటే ఇంటికి తెచ్చి, వేరే గదిలో నల్ల కాగితం పరిచి దాని మీద వారం రోజులు ఉంచండి. పొడి రాలితే కాగితం మీద తెలిసిపోతుంది.

పందిరి మంచం కొనేవాళ్ళు పరుపు సంగతి ముందే చూసుకోండి. పాత మంచాల కొలతలు ఇప్పటి పరుపులకు సరిపోవు, పరుపు విడిగా కుట్టించుకోవాలి. పడక కుర్చీలో పేము అల్లిక తెగినా ఫరవాలేదు, మళ్ళీ అల్లేవాళ్ళు ఉన్నారు. కాలు కింది భాగం నీరు పట్టి మెత్తబడితే మాత్రం వదిలేయండి. ఇక పాత తలుపులు: ఎత్తు తక్కువ, ఇప్పటి గుమ్మానికి చాలవు. వాటిని భోజనాల బల్ల చేయించేవాళ్ళు ఎక్కువయ్యారు. గొళ్ళెం, గడియ, గుబ్బలు పీకేసి బల్ల చేస్తే నాకు బాధగా ఉంటుంది. తలుపుగానే, ఏ పూజగదికో సరిపోతుందేమో ముందు చూడండి.

6. లోహాన్ని ఎలా వినాలి

కంచును చెవితో కొనాలి. గిన్నెను వేళ్ళ మీద తేలిగ్గా నిలబెట్టి చెక్క ముక్కతో అంచును తాకించండి. కంచు ఖంగుమని మోగి, ఆ మోత సన్నగా చాలాసేపు నిలుస్తుంది. ఇత్తడి టక్కుమని పలికి ఆగిపోతుంది. కంచులో రాగితో తగరం కలుస్తుంది, ఇత్తడిలో రాగితో జింకు. తగరం ఎక్కువ కాబట్టే కంచు మోగుతుంది, కింద పడితే పగిలేదీ అందుకే. కంటికి కనపడని బీట ఉన్నా మోత చిరిగినట్టు వినిపిస్తుంది. అలాంటిది కొనకండి, కంచుకు అతుకు నిలవడం కష్టం.

ఇత్తడికి అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే లోపల ఇనుము. పాత బిందెల్లో అడుగు, నడుము, మెడ విడివిడిగా చేసి అతికిన గీత కనిపిస్తుంది. కొన్నింటిలో ఆ గీత రంపం పళ్ళలా ఉంటుంది. లోపలికి టార్చి వేసి చూస్తే సుత్తి దెబ్బల గుర్తులు వరసగా మెరుస్తాయి. చిల్లును ఎమ్‌సీల్‌తో పూడ్చి పైన రంగు వేయడం మామూలే. గోటితో గీకండి, వీలైతే నీళ్ళు పోయించి పది నిమిషాలు ఆగండి.

యాసిడ్‌తో పచ్చటి చిలుము తెప్పించి పాతదని అమ్మేవీ ఉన్నాయి. తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే ఆ పచ్చదనం గుడ్డకు అంటుతుంది. నిజంగా పాతదైతే నలుపు నగిషీ సందుల్లో ఉంటుంది, చెయ్యి తగిలే ఉబ్బు మీద లోహం మెరుస్తుంది. ఇక్కడా అరుగుదలే చెబుతుంది.

మన దగ్గర పేరున్న లోహపు పనులు కొన్నింటిని గుర్తుపట్టడం నేర్చుకోండి. జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి నగిషీ, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పాత్రలు, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న బీదర్ నుంచి బిద్రీ. బిద్రీకి అయస్కాంతం అంటదు. జింకు ఎక్కువగా ఉన్న మిశ్రమాన్ని కోట మట్టి కలిపిన ద్రావణంలో నల్లబరుస్తారు, పొదిగిన వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. దాన్ని చింతపండుతో తోమితే నలుపు చెడిపోతుంది.

7. రాతలు, ముద్రలు, మోసాలు

అడుగున ఉన్న అక్షరాలు కాలం చెబుతాయి. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1952 లోపు తయారైంది. చెకోస్లోవేకియా అని ఉంటే 1918 కంటే ముందు కాదు. వెస్ట్ జర్మనీ అంటే 1949 నుంచి 1990 మధ్య. తూకపు గుండ్ల మీద సేరు, వీశె అని ఉంటే మెట్రిక్ కొలతలకు ముందువి. ఆ చట్టం 1956లో వచ్చి, అమలు దశలవారీగా జరిగింది. డబ్బా మీద ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చే ముందటిది. ఇంగ్లీషులో కోకనాడ, బెజవాడ, వైజాగపటం అని పాత వర్ణక్రమంలో ఉన్న రేకు బోర్డు కూడా అలాంటి ఆధారమే.

ఒక జాగ్రత్త. మంగళూరు పెంకు మీద 1865 అని చూసి అంత పాతదని ఎగిరి గంతెయ్యకండి. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీల మంగళూరు పెంకుల ఫ్యాక్టరీ ముద్రలోని సంవత్సరం అది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అదే సంవత్సరం అచ్చులో వస్తూనే ఉంది. అలాగే గోద్రెజ్ 1897లో తాళాలతో మొదలైంది, స్టీలు బీరువాలు 1923లో వచ్చాయి. ఎవరైనా అంతకంటే పాత గోద్రెజ్ బీరువా అంటే నమ్మకండి.

గ్రామఫోన్ల విషయంలో నేనే మోసపోయాను. పెద్ద ఇత్తడి గొట్టం, నలుపలకల చెక్కపెట్టె, ముందు కుక్క బొమ్మ. రెండో ఆలోచన లేకుండా కొన్నాను. ఇంటికొచ్చాక చూస్తే గొట్టం పెట్టెకు కలిసే మెడ దగ్గర వెల్డింగు గరుకు, కీలుకు కొత్త స్క్రూలు, లోపలి మోటారు ఏదో పాత పెట్టెలోంచి పీకింది. ఇలాంటివి వందల కొద్దీ కొత్తగా తయారవుతున్నాయని తర్వాత తెలిసింది. తిప్పే పిడి చూస్తే చాలు. నిజంగా వాడిన దాని పిడి చెక్క, వేళ్ళు తిరిగిన చోట నున్నబడి ఉంటుంది. నా దానికి కొత్త వార్నిష్ చెక్కు చెదరలేదు.

పింగాణీ జాడీల్లో లోపలి పూత చూడండి. పూత చిట్లి సన్నటి గీతలు పడిన జాడీలో ఊరగాయ పెట్టొద్దు. పులుపూ ఉప్పూ కలిసి పూతలోంచి ఏం లాగుతాయో తెలియదు. గొడుగులు పెట్టుకోండి, పొడుగు కాడల పూలు పెట్టుకోండి.

8. బేరం

ఇత్తడి, రాగి అయితే ఆ రోజు పాత లోహం కిలో ధర కనుక్కుని వెళ్ళండి. కొక్కెం తూకంతో బరువు చూస్తే కింది మెట్టు తెలుస్తుంది. దాని మీద పనితనానికి, అరుదుకు, మీ ముచ్చటకు ఎంత ఇస్తారో మీ ఇష్టం. నచ్చిందని ముఖంలో కనపడకుండా ఉండాలంటారు గాని, నాకు అది చేతకాలేదు, అవసరమూ అనిపించలేదు. "భాయ్, ఇది ఏ ఇంట్లోంచి వచ్చింది? దేనికి వాడేవారు?" అని అడుగుతాను. సామాను మీద ప్రేమ ఉన్న దుకాణదారు కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు, లోపలి గదిలోవి చూపిస్తారు. లోపం కనిపిస్తే మర్యాదగా వేలు పెట్టి చూపించి, దానికి తగ్గ ధర అడగండి. వస్తువును చులకన చేసి మాట్లాడకండి.

ఊళ్ళో వృద్ధుల దగ్గర కొనేటప్పుడు మాత్రం బేరం వద్దు. వాళ్ళకు విలువ తెలియకపోతే మీరే చెప్పండి. ఆ సామాను బజారులో ఎంత పలుకుతుందో చెప్పి, ఒక రాత్రి ఆలోచించుకోమని, పిల్లల్ని అడగమని చెప్పి రండి.

9. చట్టం

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పం, చిత్రం, కళాకృతి వగైరా పురావస్తువు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికైతే 75 ఏళ్ళు. వాటిని మామూలు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, శిల్పాలు, చిత్రాలు, రాతప్రతుల వంటివి దగ్గర ఉంటే నమోదు చేయించాలి. అమెరికా నుంచి వచ్చి, నానమ్మ పూజలో పెట్టుకున్న విగ్రహం పట్టుకెళ్దామనుకునేవాళ్ళు ముందే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోవాలి. విమానాశ్రయంలో టెన్షన్ పడే కంటే నెల ముందు తిరగడం నయం.

దేవుడి విగ్రహం గాని, గుడి స్తంభం ముక్క గాని ఎవరైనా చాటుగా చూపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. పునాది తవ్వుతుంటే ఏదైనా దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. తాళపత్రాలు దొరికితే అటక మీద ఉంచకండి, హైదరాబాదులో గాని తిరుపతిలో గాని ప్రాచ్య లిఖిత గ్రంథాలను భద్రపరిచే సంస్థలను అడగండి.

ఏనుగు దంతం సంగతి వేరుగా చెప్పాలి. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం పనివాళ్ళు రోజ్‌వుడ్‌లో దంతం పొదిగి చేసిన కుర్చీలు, బీరువాలు, గంధపు చెక్క పెట్టెలు ఇంగ్లండు దాకా వెళ్ళాయి. వాళ్ళ పనిని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూడవచ్చు. విశాఖలో పుట్టిన ఎంతమందికి ఈ సంగతి తెలుసు? గర్వంగా చూడండి, చదవండి. కొనడానికి మాత్రం వెతకకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం నేరం.

10. ఇంటికి తెచ్చాక

మొదటి వారం ఏమీ చెయ్యకండి. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, ఒక చోట పెట్టి చూస్తూ ఉండండి.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కోనసీమలో కొన్న ఒక భోషాణాన్ని తెచ్చిన మర్నాడే మిషను పెట్టి గీయించాను. పని సగం అయ్యాక మూత లోపలి వైపు చూస్తే, ఇంకా గీయని భాగంలో బొగ్గుతో రాసిన తెలుగు అంకెలు వరసగా కనిపించాయి. ఏ ఏటి ధాన్యం లెక్కలో. అప్పటికే పై వరసలన్నీ పొడై నేల మీద ఉన్నాయి. మిగిలిన మూడు వరసలను గాజు పలక వేసి కాపాడాను. పోయినవాటిలో ఏముందో ఇంకెవరికీ తెలియదు.

కాబట్టి ముందు పాత పాలిష్ ఏమిటో తెలుసుకోండి. కనపడని మూలలో దూది మీద రెండు చుక్కల స్పిరిట్ వేసి అద్దండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. దాన్ని గీకక్కర్లేదు, అనుభవమున్న పాలిష్ పనివాళ్ళు ఉన్నదాని మీదే మళ్ళీ పూసి నిలబెడతారు. మామూలు మురికికి తేనె మైనం, టర్పెంటైన్ కలిపిన ముద్ద చాలు. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డలు ఉండగా చుట్టి మూల పడేయకండి. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, విప్పి ఆరబెట్టి, అప్పుడు పారేయండి. రంగు వేసిన పాత తలుపును పొడిగా గీయించకండి. పాత రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమలైంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము ఎంత మాత్రం రానివ్వకూడదు. పాత దీపాలు, రేడియోల వైర్లు మార్పించకుండా ప్లగ్గులో పెట్టొద్దు.

వండుకునే ఇత్తడికి కళాయి పెట్టించండి. చూసి తీరాల్సిన పని అది. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, లోపల నవాసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ లేస్తుంది. తగరం కడ్డీని అలా తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే అడుగంతా వెండిలా పరుచుకుంటుంది. సీసం కలవని తగరం వాడమని గట్టిగా చెప్పండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. ముందు నీళ్ళో నూనో పోసి, అప్పుడు వెలిగించాలి. చెక్క గరిటె వాడితే కళాయి ఎక్కువ కాలం నిలుస్తుంది.

అలంకారపు ఇత్తడిని నేను తళతళలాడేలా తోమను. తినే గిన్నెను మాత్రం తోమాలి. పేరు కొట్టిన చోట పీచు పెట్టకండి, మెత్తటి గుడ్డ చాలు.

చివరగా, తెచ్చినదాన్ని వాడండి. గంగాళంలో నీళ్ళు పోసి పూలు వేయడం బాగానే ఉంటుంది గాని, సంక్రాంతికి నలుగురు వచ్చినప్పుడు అందులో నీళ్ళు కాచి చూడండి. భోషాణంలో దుప్పట్లు పెట్టుకోండి. పడక కుర్చీని వరండాలో వేయండి, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి అందులోనే కూర్చుంటారు. మా అబ్బాయి ఇప్పుడు బియ్యం కొలిచేది ఆ సోలతోనే. వాడికి ఎవరూ చెప్పలేదు, బొటనవేలు తిన్నగా ఆ సొట్టలోకే వెళ్ళింది.

మరచెంబు మూత ఇంకా దొరకలేదు. మరను చేత్తో కోసేవారు కాబట్టి ఒక చెంబు మూత ఇంకో చెంబుకు సాధారణంగా పట్టదు. ఇప్పటికి పదకొండు మూతలు తిప్పి చూశాను. పోయిన గురువారం ఒకటి ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది.